త్రీడీ బొమ్మ వచ్చింది, ఇక ఇల్లు నేర్చుకోవాలి

ఇంటీరియర్ డిజైన్ పని నేర్చుకోవడం గురించి ఏమైనా అడగమని పోయిన నెల అన్నాను. నేర్చుకునేవాళ్ళే రాస్తారనుకున్నాను, నేర్పేవాళ్ళ నుంచి కూడా ఉత్తరాలు వచ్చాయి. చాలామంది పేరు వేయొద్దన్నారు కాబట్టి ఎవరి పేరూ వేయడం లేదు, ఊరు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మాది అమలాపురం మేడమ్. బీకాం అయ్యాక ఆన్‌లైన్‌లో ఆటోక్యాడ్, స్కెచప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లు నేర్చుకుని రాజమండ్రిలో ఒక డిజైనర్ గారి దగ్గర చేరాను. ఏడాది దాటింది. పొద్దున్నించి సాయంత్రం దాకా త్రీడీ వ్యూలే (గది పూర్తయ్యాక ఎలా ఉంటుందో చూపే కంప్యూటర్ బొమ్మలు) చేయిస్తున్నారు, సైట్‌కి తీసుకెళ్ళరు. కార్పెంటర్ ఫోన్ చేసి ఏదైనా అడిగితే నాకు జవాబు తెలియదు, టెన్షన్ వచ్చేస్తుంది. నేను ఎప్పటికైనా డిజైనర్‌ని అవుతానా? మీరు మా పెద్దమ్మ వయసు వారు, నన్ను నువ్వు అనే అనండి.

జవాబు: అవుతావమ్మా. కాకపోతే ఇదే పద్ధతిలో ఇంకో రెండేళ్ళు కూర్చుంటే ఆలస్యమైపోతుంది. త్రీడీ వ్యూ క్లయింట్‌కి చూపించి ఒప్పించడానికి పనికొస్తుంది, కార్పెంటర్‌కి దానితో పెద్దగా పని లేదు. ఆయనకి కొలతలతో ఉన్న ప్లాన్ (పైనుంచి చూసినట్టు గీసింది), ఎలివేషన్ (ఎదురుగా చూసినట్టు గీసింది), సెక్షన్ (నిలువుగా కోసి లోపల చూపినట్టు గీసింది) కావాలి, ఏ పలక ఎంత మందమో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, హ్యాండిల్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో కావాలి. అవి నీ చేత ఎవరూ వేయించలేదు, వేసినవి గోడకి ఎలా కూర్చుంటాయో చూపించలేదు. ఫోన్ మోగితే భయం వేయడానికి కారణం అంతే.

ముందు మీ సార్‌నే అడుగు. "నన్ను కూడా సైట్‌కి తీసుకెళ్ళండి" అని మొత్తంగా అడిగితే చూద్దాంలే అంటారు. "వచ్చే సైట్‌లో కొలతలు తీసే రోజు నేను టేపు పట్టుకుంటాను సార్, ఆ రోజు ఇవ్వాల్సిన వ్యూలు ముందు రోజే ఇచ్చేస్తాను" అను. ఆయనకి నష్టం లేని మాట కాబట్టి ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

వెళ్ళిన రోజు గది పొడవు, వెడల్పు రాసుకుని వచ్చేయకు. ప్రతి గోడనీ నేల దగ్గర ఒకసారి, నాలుగడుగుల ఎత్తులో ఒకసారి కొలువు, రెండూ ఒకటే రావాలని లేదు. ఒక మూల నుంచి ఎదురు మూలకి రెండు వైపులా అడ్డంగా కొలువు. ఆ రెండు కొలతలూ తేడా వచ్చాయంటే గది మూలమట్టానికి లేదని అర్థం. మన ఊళ్ళలో గోడలు చేత్తో కట్టినవి, సరిగ్గా 90 డిగ్రీల మూల దొరకడం అరుదు, పదడుగుల గోడలో అంగుళం తేడా ఉన్నా రెండు గోడల మధ్య బిగించే వార్డ్‌రోబ్ పక్కన సందు కొట్టొచ్చినట్టు కనబడుతుంది. తర్వాత దూలం ఎంత కిందికి దిగింది, కిటికీ గట్టు ఎంత ఎత్తు, స్విచ్‌బోర్డులు ఎక్కడ, సింకు నీళ్ళు పోయే గొట్టం ఎక్కడ అన్నవి. మేస్త్రి పారదర్శకంగా ఉండే గొట్టంలో నీళ్ళు పోసి గోడల మీద మట్టం గుర్తులు పెడుతుంటే ఆ గొట్టం రెండో చివర నువ్వు పట్టుకో. లేజర్ మిషన్లు వచ్చాయి, అయినా నీటిమట్టం ఎలా చూస్తారో ఒక్కసారి చేత్తో పట్టుకుని చూస్తే నేల ఎక్కడ ఎత్తుందో, ఎక్కడ పల్లముందో నీకే తెలిసిపోతుంది.

సైట్ లేని రోజుల్లో ఇంటి దగ్గర చేసుకోదగ్గ సాధన ఒకటి చెప్తాను. ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న వార్డ్‌రోబ్ తీసుకో. రెండు పక్కలు, మధ్యలో నిలువుగా ఒక అడ్డం, పైన కింద పలకలు, మూడడుగుల అరలు నాలుగు, నాలుగు తలుపులు. అన్నీ కలిపితే 132 చదరపు అడుగులు. ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు 32 చదరపు అడుగులు కాబట్టి నాలుగు షీట్లు, ఇంకాస్త అని లెక్క తేలుతుంది. ఇప్పుడు కాగితం మీద షీట్లు గీసి ముక్కలు కోసి చూడు. పక్కలు, అడ్డం, పైన కింద పలకలు, అరలు కలిపి షీటు పొడవునా రెండడుగుల వెడల్పు పట్టీలు ఏడు కావాలి, అంటే మూడున్నర షీట్లు. తలుపులు అడుగున్నర వెడల్పువి, షీటుకి రెండే వస్తాయి, అడుగు పట్టీ మిగిలిపోతుంది, అవి రెండు షీట్లు. మొత్తం ఐదున్నర, అంటే ఆరు కొనాలి, వెనక వేసే పల్చటి ప్లై వేరే. రంపం తినేసే మందం వల్ల నాలుగడుగుల షీటు నుంచి పూర్తి రెండడుగుల పట్టీలు రెండు రావని కూడా అప్పుడే తెలుస్తుంది. లోతు కాస్త తగ్గించమని కార్పెంటర్ ఎందుకు అడుగుతాడో ఇక నీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇలాంటి లెక్క ఒక పది రకాల సామాను మీద చేసి చూడు, ఫోన్ మోగితే భయం వేయదు.

మీ ఇంట్లోనే ఇంకొకటి చెయ్యి. మీ అమ్మగారిని చెయ్యి మడిచి నిలబడమని నేల నుంచి మోచేతి ఎత్తు కొలువు, అందులో నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేయి, కూరలు తరగడానికి ఆమెకి సుఖంగా ఉండే గట్టు ఎత్తు అది. ఐదడుగుల మనిషికి సుమారు 32 నుంచి 34 అంగుళాలు వస్తుంది. తర్వాత మీ వంటింటి గట్టు కొలిచి, అమ్మకి నడుం నొప్పి ఎందుకొస్తోందో చూడు. అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఎవరిదైనా మండువా లోగిలి ఇంకా నిలిచి ఉంటే పెద్దవాళ్ళని అడిగి ఒక ఆదివారం టేపు పట్టుకుని వెళ్ళు. పైనుంచి పడ్డ వాన నీరు ఏ తూము గుండా బయటికి పోతోంది, మధ్యాహ్నం రెండింటికి వెలుతురు ఏ గది దాకా వస్తోంది, వసారా ఎంత వెడల్పు, గుమ్మం ఎంత ఎత్తు, అరుగు మీద కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనుతున్నాయా అని చూసి స్కేలు ప్రకారం చేత్తో గీయి. ఈ ఉక్కలో, ఈ వానల్లో జనం హాయిగా బతకడానికి కట్టుకున్న ఇళ్ళవి, ఏడాదికేడాదికి తగ్గిపోతున్నాయి, ఉన్నప్పుడే చూసుకోవాలి.

మూడు నాలుగు నెలలు ఇలా చేశాక కూడా ఆఫీసులో మార్పు లేకపోతే వేరే చోటు వెతుక్కో, ఇంకోచోట ఖాయమయ్యాకే మానెయ్యి. కొత్త చోట జీతం కంటే ముందు "నెలలో ఎన్ని రోజులు సైట్‌కి పంపుతారు" అని అడుగు.

ప్రశ్న: భీమవరంలో చాలా ఏళ్ళుగా ఇంటీరియర్ పనులు చేస్తున్నాను. చేపల, రొయ్యల చెరువుల మీద సంపాదించినవాళ్ళు పెద్ద ఇళ్ళు కడుతున్నారు, పనికి లోటు లేదు, మనుషులే నిలవడం లేదు. పిల్లల్ని తీసుకుని నేర్పితే ఆరు నెలలకే వెళ్ళిపోయి సొంతంగా పెట్టేస్తున్నారు, ఒకతను నా క్లయింట్‌నే పట్టుకున్నాడు. ఇక ఎవరికీ పూర్తిగా నేర్పకూడదు అనుకుంటున్నాను. నా ఆలోచన తప్పా?

జవాబు: మీ బాధ న్యాయమైనదే. మీ క్లయింట్‌ని తీసుకుపోవడం తప్పు, చేర్చుకునేటప్పుడే కాగితం మీద రాసుకోండి, ఇక్కడ పరిచయమైన క్లయింట్ల పనులు ఫలానా కాలం దాకా సొంతంగా పట్టను అని. వాళ్ళు చిన్నబుచ్చుకోరు.

అయితే పూర్తిగా నేర్పకూడదన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. సగం నేర్చుకున్నవాడే ఆరు నెలలకి వెళ్ళిపోతాడు, ఎందుకంటే తనకి వచ్చిన సగమే మొత్తం అని అతను నమ్ముతాడు. వెళ్ళి ఒక ఇల్లు పాడుచేస్తాడు, ఆ ఇంటివాళ్ళు ఇంటీరియర్ వాళ్ళంతా ఇంతే అని ఊరంతా చెప్తారు, ఆ మాట మీ దాకా కూడా వస్తుంది. సైట్ మీద ఎన్ని సమస్యలు వస్తాయో చూసినవాడికి ఇంకో రెండేళ్ళు మీ దగ్గర ఉండాలని తనకే అనిపిస్తుంది.

ఎలా నేర్పాలో మీరు అడగలేదు, అయినా చెప్పాలనిపిస్తోంది. మనలో చాలామందిమి పని చెప్తాం, కారణం చెప్పం. "సింకు కింద ఐ.ఎస్. 710 ప్లై వెయ్యి" అంటాం, ఐ.ఎస్. అంటే భారత ప్రమాణం నంబరు. అది మరిగే నీళ్ళని కూడా తట్టుకునే జిగురుతో చేసిందని, ఐ.ఎస్. 303లో మామూలుగా దొరికే ఎం.ఆర్. రకం గాలిలో తేమని ఓర్చుకుంటుంది తప్ప నిలిచిన నీళ్ళలో పొరలు విడిపోతుందని, అందుకే అది పొడిగా ఉండే బెడ్‌రూమ్‌కి చాలని చెప్పం. బయటి గోడకి వార్డ్‌రోబ్ ఆనించకుండా వెనక కాస్త సందు వదలమంటాం. కాలవ పక్క ఊళ్ళలో నేలలో నీరు పైపైనే ఉంటుంది, గోడ చెమ్మ లాగుతుంది, ఆ చెమ్మ దారినే బూజు, చెదలు వస్తాయి అన్నది చెప్పం. కారణం తెలిస్తే ఆ పిల్లవాడు రేపు మీరు లేని చోట కూడా సరైన నిర్ణయం తీసుకోగలడు. గోదావరి లంక గ్రామాల్లో ఇల్లు చేస్తుంటే 2022 జూలై సంగతి చెప్పండి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది, ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి. అలాంటి చోట నేలకి ఆనించి టీవీ యూనిట్ బిగించొచ్చా, ప్లగ్ పాయింట్లు నేలకి అడుగు ఎత్తులో పెట్టొచ్చా అని వాళ్ళనే అడగండి, మీరు చెప్పకుండా కాసేపు ఆగండి. వాళ్ళు ఆలోచించడం మొదలుపెడతారు.

వాళ్ళ డ్రాయింగ్‌లో తప్పు ఉంటే మౌస్ లాక్కుని మీరే దిద్దేయకండి. టైమ్ లేదు, క్లయింట్ వస్తున్నాడు, నాకు తెలుసు. అయినా ప్రింట్ తీసి ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి ఇవ్వండి, వాళ్ళ చేతనే దిద్దించండి. పనివాళ్ళ ముందు మాత్రం కేకలేయకండి. ఒకసారి మేస్త్రి ముందు మాటపడ్డ పిల్లని ఆ మేస్త్రి ఇక లెక్కచేయడు, ఆ సైట్‌లో తర్వాత ఆమె ఏం చెప్పినా జరగదు.

ఒక చిన్న వస్తువు పూర్తిగా అప్పజెప్పండి. పూజ మందిరం కావచ్చు, చెప్పుల స్టాండ్ కావచ్చు. కొలత తీయడం, క్లయింట్‌తో మాట్లాడటం, డ్రాయింగ్, షీట్ల లెక్క, ఎస్టిమేట్, కార్పెంటర్‌కి వివరించడం, బిగించాక చూసుకోవడం అంతా వాళ్ళే. మూడు నెలల తర్వాత ఆ ఇంటికి వాళ్ళనే పంపి, తలుపు వాలిందా, దీపం సెగకి ప్లై మీద అతికించిన లామినేట్ పొర ఉబ్బిందా చూసి రమ్మనండి. త్రీడీలు గుట్టలుగా చేసినా రాని పాఠం ఆ ఒక్క మందిరంతో వస్తుంది. డబ్బు సంగతి కూడా దాచకండి, అడ్వాన్స్ ఎంత, ఏ స్టేజీలో ఎంత తీసుకోవాలి, 18 శాతం జీఎస్టీ ముందే చెప్పకపోతే చివర్లో గొడవ ఎలా అవుతుంది అన్నవి తెలియనివాడు ఎంత మంచి డిజైన్ వేసినా నిలబడలేడు.

ఇంకోటి, ఆడపిల్లలు చేరితే వాళ్ళ ఇబ్బందులు మీరే ముందు అడగండి, వాళ్ళు అడగరు. కట్టుబడి జరుగుతున్న ఇంట్లో బాత్రూమ్ ఉండదు, పక్కింటివాళ్ళతో మాట్లాడి పెట్టాల్సింది మీరు. చీకటిపడ్డాక ఊరి చివర సైట్ నుంచి బస్టాండ్ దాకా ఎలా వెళ్తుంది అన్నది కూడా మీ బాధ్యతే. ఎంతో బాగా పనిచేసే అమ్మాయిలు ఈ రెండు కారణాలతోనే మానేసి ఇంట్లో కూర్చున్నారు, చూస్తుంటే నాకు చాలా బాధగా ఉంటుంది.

ప్రశ్న: మేడమ్ గారండీ, మాది రావులపాలెం దగ్గర పల్లెటూరు. నాన్నగారి దగ్గర వడ్రంగం నేర్చుకున్నాను, టేకు పనీ వచ్చు, ప్లై పనీ వచ్చు. చదువు పదో తరగతి. చిన్న చిన్న పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి నాకు డిజైన్ చెప్తారు, వాళ్ళు గీసింది కుదరకపోతే సర్దేది నేనే. నేనే డిజైనర్ అవ్వచ్చు కదండీ? ఇంగ్లీషు రాదు.

జవాబు: తప్పకుండా అవ్వచ్చు మేస్త్రి గారూ, మీ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఆ పిల్లలు సంపాదించుకోవడానికి ఏళ్ళు పట్టే తెలివి మీ చేతుల్లో ఇప్పటికే ఉంది. మీకు కావలసినవి మూడు. ఒకటి, మీ బుర్రలో ఉన్నది ఎదుటివాడికి అర్థమయ్యేలా కాగితం మీద పెట్టడం. గ్రాఫ్ పుస్తకం కొని, ఒక గడి అంటే ఇన్ని అంగుళాలు అనుకుని, మీరు ఇప్పటికే చేసిన బీరువాలు, మంచాలు ప్లాన్, ఎలివేషన్, సెక్షన్ గీయండి. చేసిన వస్తువు కళ్ళ ముందు ఉంటుంది కాబట్టి తొందరగా పట్టుబడుతుంది. అది వచ్చాక స్కెచప్ కష్టం కాదు, తెలుగులో పాఠాలు వీడియోల్లో దొరుకుతున్నాయి, కమాండ్ల పేర్లు గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లీషు మాట్లాడటం రానక్కర్లేదు.

రెండోది, రంగులు, లైటింగ్, బట్ట. ఇక్కడ మీకు అలవాటు తక్కువ ఉంటుంది. చూడటానికి దూరం పోనక్కర్లేదు. కడియం నర్సరీలకి వెళ్ళి ఇంట్లో నీడన బతికే మొక్కలు ఏవో అడిగి రాసుకోండి. నరసాపురం లేసు ఉంది, 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కర్టెన్ అంచుకి, టేబుల్ మీదకి ఎలా వాడతారో చూడండి. మన కోనసీమ కొబ్బరి పీచు చాపలు సరేసరి. నమూనాలు తెచ్చి ఒక అట్ట మీద లామినేట్ ముక్కల పక్కన అతికించి పగటి వెలుతురులో ఒకసారి, పసుపుపచ్చ లైటు కింద ఒకసారి చూడండి. ఒకే రంగు రెండు చోట్లా రెండు రకాలుగా ఉంటుంది.

మూడోది, క్లయింట్‌తో మాట. మీరు "అది కుదరదండీ" అని ఆగిపోతారు, నాకు తెలిసిన మంచి పనివాళ్ళంతా ఇంతే. "అది కుదరదు, ఇలా అయితే కుదురుతుంది" అని పక్కన గీసి చూపించండి.

పి.ఎం. విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరులో మొదలైంది, వడ్రంగులు అందులో ఉన్నారు. ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, ఆ రోజులకి రోజుకి 500 రూపాయలు, పరికరాలకి 15,000 దాకా, తర్వాత పూచీ లేకుండా మొదటి విడత లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి అప్పు. కుటుంబంలో ఒక్కరికే. ఊళ్ళో మీసేవ లాంటి కామన్ సర్వీస్ సెంటర్‌లో అడగండి. పై అమలాపురం అమ్మాయి లాంటివాళ్ళు ఎవరైనా మీ దగ్గరికి వస్తే విసుక్కోకుండా వర్క్‌షాప్‌లో ఒక వారం కూర్చోనివ్వండి, బదులుగా ల్యాప్‌టాప్ నేర్పమనండి. ఇద్దరికీ ఫీజు మిగులుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు. ఇంజనీరింగ్ వద్దు, ఇంటీరియర్ డిజైన్ చేస్తానంటున్నాడు. దానికి చదువు ఏముంటుందండీ, చెక్కపనే కదా? ఉద్యోగం వస్తుందా? - పాలకొల్లు

జవాబు: చెక్కపని చిన్నపని కాదండీ, అది ముందు మనసులోంచి తీసేయండి, అబ్బాయి ముందు ఆ మాట అనకండి. చదువు ఉంది. ఐదేళ్ళ బి.ఆర్క్. చదివితే ఆర్కిటెక్ట్ అవుతాడు, నాటా అనే ప్రవేశ పరీక్ష గానీ జేఈఈ మెయిన్‌లో ఆర్కిటెక్చర్ పేపర్ గానీ రాయాలి, దానికి ఇంటర్‌లో లెక్కలు ఉండాలి. విజయవాడలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎస్.పి.ఎ. (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) 2008 నుంచి ఉంది. నేరుగా ఇంటీరియర్ అంటే నాలుగేళ్ళ డిజైన్ డిగ్రీ, హైదరాబాద్ జె.ఎన్.ఎ.ఎఫ్.ఎ.యూ.లో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది, అహ్మదాబాద్ ఎన్.ఐ.డి.లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) ఫర్నిచర్, ఇంటీరియర్ కలిపి ఉంది, ప్రవేశ పరీక్ష గట్టిగానే ఉంటుంది. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ కాకుండా ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోకూడదు, ఇంటీరియర్ డిజైనర్‌కి అలాంటి చట్టం లేదు, అందుకే ఎవరు పడితే వాళ్ళు మూడు నెలల సర్టిఫికెట్‌తో బోర్డు పెట్టేస్తున్నారు. మీవాడు అలా పెట్టకూడదు అనుకుంటే వేసవి సెలవుల్లో ఒక మంచి మేస్త్రి దగ్గర నెల రోజులు ఉంచండి. దుమ్ములో నిలబడి, టేపు పట్టుకుని, సాయంత్రానికి కూడా వాడి మొహంలో ఇష్టం ఉంటే ఫీజు కట్టేయండి. ఉద్యోగం గురించి దిగులు వద్దు, పని తెలిసినవాళ్ళ కోసం పై భీమవరం వారిలాంటివాళ్ళు వెతుక్కుంటున్నారు.

ప్రశ్న: ట్రైనింగ్ ఇస్తాం, ఆరు నెలలు జీతం ఉండదు, పైగా డబ్బు కట్టాలి అంటున్నారు. చేరొచ్చా? - కాకినాడ

జవాబు: ఫీజు తీసుకుంటే పాఠం చెప్పాలి, పని చేయించుకుంటే జీతం ఇవ్వాలి. రెండూ వాళ్ళవైపే ఉంటే చేరొద్దు. కనీసం సైట్‌కి తిరగడానికి పెట్రోలు ఖర్చు, భోజనం ఇవ్వనిచోట నేర్పే ఓపిక కూడా ఉండదు.

ప్రశ్న: డిజైనర్‌కి వాస్తు తెలియాలా? - తణుకు

జవాబు: మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా ఇల్లు మీది కాదు కాబట్టి తెలిసి ఉండాలి. ఆగ్నేయంలో వంటిల్లు, తూర్పు ముఖంగా నిలబడి వంట, ఈశాన్యంలో బరువు పెట్టకపోవడం, ఇలాంటివి మన దగ్గర ప్రతి ఇంట్లో అడుగుతారు. మొదటి మీటింగ్‌లోనే "మీ సిద్ధాంతి గారు ఏమైనా చెప్పారా అండీ" అని అడిగి రాసుకోండి.

ప్రశ్న: క్లయింట్లు ఫోన్‌లో ఫొటో చూపించి అచ్చం ఇలాగే కావాలంటున్నారు. కొత్తగా చేరినదాన్ని, ఏం చెప్పాలో తెలియడం లేదు. - ఉప్పాడ దగ్గర నుంచి

జవాబు: కాదు అనొద్దు. ఆ ఫొటోలో ఏది నచ్చిందో అడగండి, రంగా, వెలుతురా, ఖాళీగా ఉండటమా. చాలాసార్లు వాళ్ళకి నచ్చింది సామాను లేకపోవడం, అది మీరు అటక సరిగ్గా డిజైన్ చేసి ఇవ్వగలరు. తర్వాత వాళ్ళ ఇంటి సంగతి చెప్పండి. సముద్రం పక్కన ఉప్పుగాలికి తలుపులకి వేసే మామూలు ఇనప కబ్జాలు (హింజెస్) తుప్పు పడతాయి, స్టీలులో కూడా 304 రకం కంటే 316 ఉప్పుని బాగా తట్టుకుంటుంది, ఖరీదు ఎక్కువ. ఆ తేడా ఎస్టిమేట్‌లో వేరే లైన్‌గా రాసి, ఫొటోలో ఉన్న హ్యాండిల్ పక్కన మీరు చెప్పే హ్యాండిల్ పెట్టి చూపించండి. సంతకం ఆ కాగితం మీదే తీసుకోండి.